చిన్న డాక్టరు చెయ్యి

మందు నాది. రోగం ఇదీ అని తేల్చింది నేను, చీటీ రాసింది నేను, కలిపి సీసాలో పోసింది నా కాంపౌండరు. ఆత్మకూరు నుంచి వచ్చిన ఆ రైతు సీసా అందుకుని నాకు దండం పెట్టాడు. గుమ్మం దాటాడు. దాటి, వరండాలో బల్ల మీద కూర్చున్న నా శిష్యుడి దగ్గరికి పోయి సీసా మూత తీసి నిలబడ్డాడు.

"సారూ, మొదటి గుక్క జర మీ చేత్తోని పొయ్యుండ్రి," అన్నాడు.

శిష్యుడు తలుపులోంచి నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఊపక ఏం చేస్తాను? అతను రైతు దోసిట్లో ఒక గుక్క పోశాడు. రైతు కళ్లు మూసుకుని తాగి, తడి చెయ్యి తీర్థం పుచ్చుకున్నాక రాసుకున్నట్టు నెత్తికి రాసుకున్నాడు. క్వినైన్ కలిసిన మందు అది, పరమ చేదు. నా ముందు తాగినవాడెవడూ మొహం ముడుచుకోకుండా తాగలేదు. వీడు నవ్వుకుంటూ పోయాడు.

ఇది అరవైల నడిమి మాట. సూర్యాపేటలో నేను బోర్డు కట్టింది ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది. నాది ఎంబీబీఎస్ కూడా కాదు, దానికంటే పొట్టిదైన పాతకాలపు చదువు. అయినా తుంగతుర్తి వైపు పల్లెల్లో ఎవరికి జ్వరమొచ్చినా ఎడ్లబండి వచ్చి నా గుమ్మం ముందే ఆగేది. హైదరాబాదులో నాకు చదువు చెప్పిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పెద్ద దవాఖానలో పనిచేసి బయటికొచ్చే కుర్ర డాక్టర్లకు పల్లెటూరి రోగి ఎట్లా ఉంటాడో తెలియదని ఆయన దిగులు. అందుకని ఏడాదికొకరిని నా దగ్గరికి పంపేవారు. "చదువు మేం చెప్పినం, వైద్యం నువ్వు చెప్పు" అనేవారు. ఆ ఒక్క మాటకే నేను ఉబ్బిపోయి అన్నీ నెత్తినేసుకునేవాణ్ణి. వచ్చిన పిల్లవాడు మా మేడ మీది గదిలో ఉండేవాడు, మా ఇంట్లో తినేవాడు, పొద్దున లేస్తే నా పక్కన కూర్చునేవాడు.

ముందు వచ్చినవాళ్ల మీద నాకు అసూయ లేదు. మొదటివాడు మిర్యాలగూడలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఏ కాస్త కష్టమైన కేసు తగిలినా రోగిని బస్సెక్కించి "మా గురువుగారికి చూపించుకుని రా" అని నా దగ్గరికి పంపేవాడు. అట్లాంటి శిష్యుణ్ణి ఎంత పొగిడినా మనకేం తరగదు. నేను నలుగురున్న చోట చూసి మరీ పొగిడేవాణ్ణి.

ఈ అబ్బాయి వేరు. కోదాడ అవతల, కృష్ణకు దగ్గరి పల్లె అతనిది. సన్నగా, పొడుగ్గా, పెద్ద చెవులతో ఉండేవాడు. మాటల్లో అటువైపు తీపి ఉండేది. "ఏమండీ, ఎలా ఉందండీ, రాత్రి నిద్ర పట్టిందాండీ" అని పశువుల కాపరిని కూడా అండీ అనేవాడు. నేనేమో "ఏమాయె ర, మల్ల తాగినవా?" అని మొదలుపెట్టే మనిషిని. మా వాళ్లు ఆ అండీలకు మంచులా కరిగిపోయేవారు. ఒక ముసలమ్మ అయితే "నా కొడుకులు గూడ నన్ను గిట్ల పిలువలె బిడ్డా" అని కళ్లు తుడుచుకుంది. ఆమె మనవలు ముగ్గురికీ పురిట్లో ప్రాణం నిలిపింది నేను. ఆ సంగతి ఆమెకు ఆ రోజు గుర్తు రాలేదు.

నేను నేర్పింది పుస్తకాల్లో లేని చదువు. రోగి గుమ్మంలో చెప్పులు విడిచేటప్పుడే సగం చూసెయ్యాలి, వంగగలుగుతున్నాడా లేదా, ఏ కాలు ముందు పెట్టాడు అని. కోడలికి రోగమైతే ముందు అత్తను అడగాలి, తరువాత అత్తను నీళ్లు తెమ్మని పంపి కోడల్ని అడగాలి. "ఏం లేదు పో" అని ఎవరితోనూ అనకూడదు. ఎండలో అంత దూరం నడిచి వచ్చిన మనిషితో ఏం లేదంటే, నువ్వు అబద్ధమాడుతున్నావని చెప్పినట్టే. ఇంకొకటి చెప్పాను. నాడి పట్టుకుంటే లెక్క అయిపోయినా చెయ్యి వదలకు. ఆ చెయ్యి నీ చేతిలో ఉన్నంతసేపు రోగి నిజం చెప్తాడు.

నేను అది చెప్పాను, అతను అది చేశాడు. తేడా ఏమిటంటే నా గదిలో ఎప్పుడూ జనం కిక్కిరిసి ఉండేవారు. నేను నాడి ఇట్లా ముట్టుకుని అట్లా వదిలేసే రోజులు వచ్చాయి. అతనికి తొందరేముంది? వరండాలో కూర్చుని, ముసలివాడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వాడి ఎడ్ల గురించి, అల్లుడి గురించి వినేవాడు. నా పాఠాన్ని నా ఎదురుగానే నాకంటే బాగా అప్పజెప్పేవాడు. దాన్ని తప్పు పట్టడానికి కూడా వీల్లేదు.

అసలు హస్తవాసి పుకారు పుట్టింది బజారులో ధాన్యం వ్యాపారం చేసే ఒక సేటు ఇంట్లో. మా ఊళ్లో తాతల నాటి నుంచి ఉన్న కుటుంబం, రైసు మిల్లు కూడా ఉంది. సేటు మనవడికి టైఫాయిడ్ వచ్చింది. దినాం రెండుపూటలా పోయి చూసింది నేను. కాప్సూల్ మింగనని పిల్లవాడు మారాం చేస్తే బతిమాలి మింగించింది నేను. ఆ మందు వేశాక జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుంది, అది ఏ డాక్టరుకైనా తెలుసు. సరిగ్గా అది దిగాల్సిన రోజు నేను మా ఆవిడ వైపు పెళ్లికి నిడమనూరు పోవలసి వచ్చింది. నా బదులు శిష్యుడు పోయి ఒక్క పూట, ఒక్కటంటే ఒక్క కాప్సూల్ వేసి వచ్చాడు. తెల్లారేసరికి జ్వరం దిగింది.

ఇంకేముంది! సేటు గద్దె మీద కూర్చుని వచ్చినవాడికీ పోయినవాడికీ అదే కథ చెప్పాడు. "పెద్ద డాక్టరు అన్ని దినాలు తిరిగిండు, చిన్న డాక్టరు ఒక్క గోలి ఏసిండు, జరం ఖతం. చెయ్యి అంటే అదీ." వడ్లు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు ఆ కథను బండ్లకెత్తుకుని ఊళ్లకు మోసుకుపోయారు. నా దగ్గరికి రక్తపోటు చూపించుకోవడానికి వచ్చినప్పుడు సేటు నాతోనే అన్నాడు, "ఏమనుకోకుండ్రి సారూ, ముందొచ్చిన చెవుల కన్న వెనకొచ్చిన కొమ్ములు వాడి." చేతికి పట్టీ చుట్టి ఉంది కదా అని నేను గాలి కాస్త గట్టిగానే కొట్టాను. ఆయన అబ్బా అన్నాడు.

అప్పటి నుంచి రోగం నాది, మందు నాది, మొదటి గుక్క అతనిది. సూది మందు అయితే మరీ అన్యాయం. నేను సిరంజిలోకి మందు ఎక్కించి పట్టుకుంటే, రోగి చొక్కా చెయ్యి మడుచుకుని తలుపు వైపు చూసేవాడు. "చిన్న డాక్టరు లేడా సారూ?" అనేవాడు. నేను సిరంజి పట్టుకుని వరండాలోకి నడిచి శిష్యుడికి అందించిన రోజులున్నాయి. అట్లా అందిస్తుంటే అతను పాపం సిగ్గుతో కుంచించుకుపోయేవాడు. "మీరే ఇవ్వండి సార్, ఇదంతా మూఢనమ్మకం" అనేవాడు. అతను పొగరుగా ఉంటే నాకెంతో హాయిగా ఉండేది. నాలుగు తిట్టి పంపేసేవాణ్ణి. పొగరు లేదు, ఏం చెయ్యను.

ఇంట్లో కూడా అంతే. మా ఆవిడ తక్కువ మాట్లాడే మనిషి. నిడమనూరు దగ్గర పెద్ద కాపుల ఇంటి ఆడబిడ్డ, పాడి అంటే ప్రాణం. మాకు పిల్లలు లేరు. పెరుగు గిన్నె మీద మీగడ కట్టేది కదా, అది ఇన్నేళ్లూ నా కంచంలో పడేది. ఆ ఏడాది సగం అటు పోయింది. "సదువుకునే పిల్లగాడు, జర తిననియ్యి," అంది. అతని చదువు ఎప్పుడో అయిపోయిందని చెప్పాను. ఆమె ఇంకాస్త మీగడ అటే వేసింది. మీగడ దగ్గర కూడా కుళ్లుకునే మనిషినా నేను అని నాకే నవ్వొచ్చింది. నవ్వొచ్చినా కుళ్లు మాత్రం పోలేదు.

వానాకాలం మొదట్లో ఒక సంగతి జరిగింది. తుంగతుర్తిలో అంగడి రోజున నేను పోయి ఒక దుకాణం అరుగు మీద కూర్చుని రోగుల్ని చూసేవాణ్ణి. ఆ వారం నాకు నడుం పట్టేసి మొదటిసారి అతన్ని ఒక్కణ్ణే పంపాను. దవడ నొప్పి, నోరు తెరవలేకపోతున్నానని ఒక రైతు వచ్చాడట. ఇతను పళ్లు చూశాడు, ఒక పన్ను పుచ్చి ఉంది. నొప్పికి గోలీలిచ్చి పంపాడు. రెండు రోజులకు ఆ రైతును బండి మీద సూర్యాపేట తీసుకొచ్చారు. గుమ్మం మెట్ల మీద నుంచే చూశాను. వీపు విల్లులా వంగి ఉంది. ధనుర్వాతం. అరికాలి మీద నాగలి కర్రు తగిలిన గాయం పైకి మానిపోయి కనిపించింది. నేను చేయగలిగిందంతా చేశాను. మరునాడు ప్రాణం పోయింది.

చనిపోయినవాడి అన్న నన్ను నిలదీశాడు. "మొన్న అంగట్ల సూసినప్పుడు ఆ సారుకు తెల్వకపోయెనా?"

అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. శిష్యుడు గోడకు ఆనుకుని తెల్లబోయి నిలబడ్డాడు. నేను చేయవలసిందల్లా నోరు తెరవడమే. సేటు చెప్పిన కథ అంతా ఒక్క మాటతో తుడిచిపెట్టుకుపోయేది. "మొన్న నేనున్నా పన్నే అనుకుందును అన్నా. మొదట్ల అది ఎవ్వరికి తెల్వదు," అన్నాను. అది అబద్ధం. నేనైతే కాళ్లు చూసేవాణ్ణి. కానీ నాకూ అట్లాంటి రోజు ఒకటుంది, అప్పుడు హైదరాబాదు పెద్దాయన నా కోసం ఇదే అబద్ధం ఆడారు. గురువన్నవాడు ఆడవలసిన అబద్ధాలు కొన్ని ఉంటాయి. అంతా పోయాక అతనితో ఒక్కటే చెప్పాను, "దవడ బిగిసిందంటే ముందు కాళ్లు చూడు, తరువాత పళ్లు చూడు." అతను వెనక పెరట్లోకి పోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. మా ఆవిడ పక్కన నిలబడి ఊరుకోబెట్టింది. నేను రోగి పోతే ఏడ్చి ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. ఆ ఏడుపు మీద కూడా నాకు అసూయ కలిగింది.

పోనీ, ఆ దెబ్బతో హస్తవాసి పేరైనా పోయిందా? ఎక్కడ పోతుంది! "చిన్న డాక్టరు అన్నం ముట్టలేదంట, సొంత అన్న పోయినట్టు ఏడ్చిండంట. వాని ఆయుష్షు తీరింది, ఆయన ఏం జేస్తడు?" అన్నారు తుంగతుర్తిలో. అదే నేను చూసిన కేసైతే "ముసలోనికి సూపు ఆనుతలేదు" అని ఉండేవారు. అప్పటికి నాకు నిండా యాభై కూడా లేవు.

అతని ఏడాది పూర్తి కావస్తుంటే సేటు ఒక కబురు మోసుకొచ్చాడు. "బజార్ల మా మల్గి ఒకటి ఖాళీగున్నది. కిరాయి గిరాయి ఏమొద్దు. చిన్న డాక్టరును గీడనే బోర్డు కట్టుకోమని మీరు జర చెప్పుండ్రి," అన్నాడు. ఆ దుకాణపు గది నా వైద్యశాలకు కూతవేటు దూరం. తన మనవడికి జ్వరం దిగింది తప్ప నా సంసారం ఎట్లా నడుస్తుందన్న ఆలోచన ఆ పెద్దమనిషికి వచ్చినట్టు లేదు. మందులు నా దగ్గర రాయించుకుని గుక్క మాత్రం అక్కడ పోయించుకునే జనం, రెండో బోర్డు లేచిందంటే రాయించుకోవడానికైనా నా మెట్లు ఎక్కుతారా? నాకు ఆ వారమంతా అన్నం సయించలేదు.

శిష్యుడు నన్నే అడిగాడు. "సార్, సేటు గారు ఇక్కడే పెట్టుకోమంటున్నారండీ. మా నాన్నగారేమో కోదాడ వచ్చెయ్యమంటున్నారు. మీరు ఎలా చెబితే అలా చేస్తానండీ."

"కోదాడలో డాక్టర్లు తక్కువ. అక్కడ నీ అవసరం ఉంది," అన్నాను.

నిజమే అది, ఎవరినైనా అడగండి. ఆ రోజుల్లో కోదాడ చుట్టుపక్కల పల్లెలకు దిక్కైన డాక్టరు లేడు. అయినా నేను ఆ నిజం చెప్పింది కోదాడ మీద ప్రేమతో కాదు. అతను నా కాళ్లకు దండం పెట్టాడు. మా ఆవిడ జాడీల్లో పచ్చళ్లు కట్టి, కొత్త దుప్పటి ఇచ్చి, బస్సు దాకా పోయి ఎక్కించి వచ్చింది. వచ్చాక ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మీగడ మొత్తం మళ్లీ నా కంచంలోకే వచ్చింది, కానీ ముందటి రుచి లేదు.

పీడ విరగడైందనుకున్నాను. కొన్నాళ్లకు కాంపౌండరు నసుగుతూ చెప్పాడు, మన దగ్గర మందు తీసుకున్నవాళ్లు కొందరు సీసా సంచిలో వేసుకుని కోదాడ బస్సెక్కుతున్నారని. మొదటి గుక్క పోయించుకుని వెనక్కి వస్తున్నారట. నేను నమ్మలేదు. మలేరియాతో గజగజ వణికే మనిషి ఒక గుక్క కోసం అంత దూరం బస్సులో పోయి వస్తాడా? "పోతున్నరు సారూ, నా బామ్మర్ది గూడ పోయిండు," అన్నాడు. అతని బావమరిదికి మందు ఊరకే ఇచ్చింది కూడా నేనే.

ఆ తరువాత వచ్చిన చలికాలంలో మా ఆవిడ పడింది. ముందు దగ్గు, తరువాత చలి, జ్వరం, ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో పోటు. స్టెత్ పెట్టి విన్నాను. న్యుమోనియా. పెన్సిలిన్ మొదలుపెట్టాను, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వేలమందికి ఇచ్చిన సూది అది. మూడో రోజుకు కూడా జ్వరం దిగలేదు. నాకు నిద్ర లేదు. నిడమనూరు నుంచి మా మరదలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పొద్దున సూది ఇవ్వబోతే మొదటిసారి సరిగా పడలేదు, తీసి మళ్లీ గుచ్చవలసి వచ్చింది. మా ఆవిడ పెదవి కొరుక్కుంది. కళ్లు తెరవకుండానే అంది.

"ఆ పిల్లగాణ్ణి పిలిపించు. సూది ఆయన ఇస్తడు."

నాకు ముందు అర్థం కాలేదు. "ఆయనొచ్చినా ఇదే మందు," అన్నాను చివరికి.

"ఎరుకే. ఆయన చేత్తోని ఇయ్యనియ్యి."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ సామెత ఊళ్లో వాళ్ల గురించి అనుకున్నాను గానీ నా మంచం పక్కకే వస్తుందనుకోలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆమెకు తలనొప్పి వచ్చినా తట్టు వచ్చినా నేనే డాక్టర్ని. సేటు అంటే నమ్మకం మీద బతికేవాడు, రైతు అంటే చదువు లేనివాడు. ఈమె నా మందులు పనిచేయడం కళ్లారా చూసిన మనిషి. ఈమె కూడానా? కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది. జ్వరంతో కాలిపోతున్న మనిషి మీద కోపం ఎట్లా చూపిస్తాను? మరదల్ని, కాంపౌండర్ని కనిపెట్టుకుని ఉండమని చెప్పి బయటికొచ్చాను. కాంపౌండర్నే కోదాడ పంపవచ్చు. పంపితే, పెద్ద డాక్టరు తన పెళ్లానికి చిన్న డాక్టర్ని పిలిపించుకున్నాడని సాయంత్రానికి బజారంతా తెలుస్తుంది. గుట్టుగా ఉంటుందని నేనే పోయాను.

బస్సు ఎక్కి చూస్తే సగం మంది నా రోగులే. కిటికీ పక్కన ఆత్మకూరు ముసలాయన ఒకడు కండువా కింద ఏదో దాచుకున్నాడు. బస్సు కుదుపుకు కండువా జారితే నా సీసా, నా కాంపౌండరు దానికి అతికించిన కాగితం కనిపించాయి. ముసలాయన గతుక్కుమన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు, సీసా చూసుకున్నాడు, మళ్లీ నన్ను చూశాడు. అతని మొహం విప్పారింది.

"సారూ, మీరు గూడ ఆయన కాడికేనా?"

బస్సులో అందరూ ఇటు తిరిగారు. అబద్ధం ఆడదామనుకున్నాను. మా ఆవిడ మొహం గుర్తొచ్చింది. "ఆ, ఆయన కాడికే," అన్నాను. ముసలాయన సంతోషంగా జరిగి చోటిచ్చాడు. కోదాడ దాకా నాకు ధైర్యం చెబుతూనే ఉన్నాడు.

కోదాడలో శిష్యుడి గది చిన్నది, జనం రోడ్డు మీద దాకా ఉన్నారు. నన్ను చూసి లేవబోయాడు. లేవలేదు. ఒక ముసలమ్మ చెయ్యి అతని చేతిలో ఉంది. ఆమె చెప్పేది పూర్తయ్యేదాకా ఆ చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. నాకు ఎంత మండిందో అంత గర్వమూ కలిగింది. రెండూ ఒకేసారి ఎట్లా కలుగుతాయో ఇప్పటికీ తెలియదు. ఆమె లేచాక సంగతి చెప్పాను.

"ఏ వైపండీ? పెన్సిలిన్ ఇస్తున్నారా? రెండు పూటలా?" అని గబగబా అడిగాడు. "సార్, సరైనదే ఇస్తున్నారండీ. నేను వచ్చి మార్చేదేముంది?"

"మార్చమని పిలవలేదు. ఇవ్వమని పిలుస్తున్నాను," అన్నాను.

అతను వెంటనే లేచాడు. రోగులకు చేతులు జోడించి రేపు రమ్మన్నాడు. ఒక్కరంటే ఒక్కరు సణగలేదు, "వెళ్లిరండి బాబూ" అన్నారు. నేను ఒక్క పూట తలుపు మూస్తే సూర్యాపేటలో ఎంత గోల చేస్తారో! శిష్యుడు ఆత్మకూరు ముసలాయనకు మొదటి గుక్క పోసి మరీ నాతో బస్సెక్కాడు.

సాయంత్రం సూది అతను ఇచ్చాడు. మందు నాది, సిరంజి నాది, మంచం పక్కన దీపం పట్టుకున్నదీ నేనే. అతను మా ఆవిడ చెయ్యి పట్టుకుని "అమ్మా, పచ్చడి అయిపోయిందండీ, ఎప్పుడు పంపిస్తారు?" అని అడుగుతూనే గుచ్చి తీసేశాడు. ఆమె నవ్వింది. మూడు రోజులుగా నా వైపు చూసి నవ్వని మనిషి.

తెల్లారేసరికి ఒళ్లంతా చెమటలు పోసి జ్వరం దిగింది. పెన్సిలిన్‌కు దిగవలసిన రోజే అది. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి తెలుసు. వీధిలో పాలవాడికి మాత్రం వేరేగా తెలిసింది. పొద్దెక్కేలోపు సేటు స్వయంగా పండ్లు పట్టుకుని వచ్చి, "జూసిన్రా మరి?" అన్నట్టు నా వైపు కళ్లెగరేశాడు. నేను పండ్లు తీసుకుని లోపలికి పోయాను.

శిష్యుడు కింద కాఫీ తాగుతున్నాడు, కోదాడ బస్సు అందుకోవాలి. మా ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుంది. మొహంలో కళ వచ్చింది. ఇక ఆగలేక అనేశాను, "ఆయన చెయ్యి మంచిది, నాది కాదు. అంతే గదా?"

"మందు నీదని నాకు తెల్వదా?" అంది.

"మరి?"

"నీ చెయ్యి వణుకుతున్నది. సూది పట్టుకుని పక్కకొస్తవు, మొఖం తెల్లగైతది, చెయ్యి గజగజ వణుకుతది. అది సూస్తుంటే నేను సచ్చిపోతనని నాకు భయమైంది. నీ భయం సూసుకుంట నేనెట్ల బతుకుదు చెప్పు? ఆ పిల్లగానికి నేనేమైత, ఆయన చెయ్యి ఎందుకు వణుకుతది?"

నేను మంచం అంచున కూర్చున్నాను. "ఆ మాట ముందే చెప్పొచ్చు గదా. ఇంత దూరం..."

"డాక్టరుకు చెయ్యి వణుకుతున్నదని చెప్పొచ్చునా? చెయ్యి మంచిది కాదంటే కోపమొస్తది, పోతది. అది మాత్రం చెప్పొద్దనుకున్న." దుప్పటి సర్దుకుంది. "ఇగ సాయంత్రం సూది నువ్వే ఇయ్యి. జరం తగ్గింది గద. ఇప్పుడు వణకదు."

శిష్యుణ్ణి బస్సెక్కించి వచ్చాను. సాయంత్రం కాంపౌండరు సిరంజి ఉడకబెట్టి తెచ్చాడు. మందు ఎక్కించి ఆమె పక్కన నిలబడ్డాను. కొద్దిగా వణికింది. ఆమె అది చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుని గోడ వైపే చూస్తూ, నేనింకా గుచ్చకముందే, "నొప్పే తెల్వలె," అంది.